వెయిట్‌లిఫ్టింగ్: మెళకువల పరిణామం

ప్లేట్లు తొడిగిన బార్‌ను నేల మీది నుంచి తల మీదికి లేపి, న్యాయనిర్ణేతలు దించమనేదాకా కదలకుండా నిలపడమే వెయిట్‌లిఫ్టింగ్. ఒకే ఊపులో పైకి తీసుకెళ్తే స్నాచ్. ముందు భుజాల దాకా తెచ్చి, అక్కణ్నుంచి కాళ్ల ఊతంతో పైకి నెడితే క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదానికి మూడు అవకాశాలుంటాయి. చూసేవారికిది కండబలం పోటీ. వందేళ్లలో నిజంగా పెరిగిన విద్య మాత్రం వేరు: బార్‌ను ఎంత ఎత్తుకు లాగామన్నదానికన్నా, దాని కిందికి ఎంత త్వరగా దూరామన్నదే ముఖ్యమైంది.

తెలుగునాట బరువులెత్తడం పాత సంగతే. పల్లెల్లో రాతి గుండ్లు, ఉత్తరాంధ్రలో సంగిడీలు ఎత్తేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు (1882–1942) బలప్రదర్శనలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. గుండును ఒంటికి హత్తుకుని భుజానికెత్తాలి గనుక అందులో నడుము బలానిదే పైచేయి. బార్ అలా కాదు. ఒక్క క్షణం తేలికపడి గాల్లో తేలుతుంది. మెళకువంతా ఆ క్షణాన్ని వాడుకోవడంలోనే ఉంది.

1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్ నుంచి ఒంటిచేతి లిఫ్టులు పోయి ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ మిగిలాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో పోటీపడిన దండమూడి రాజగోపాలరావు ఈ మూడు లిఫ్టుల కాలం వారు. విజయవాడలోని ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అప్పట్లో ఎక్కువమంది ఒక కాలు ముందుకు, మరొకటి వెనక్కి చాచి బార్ కిందికి దిగేవారు. 1950ల నుంచి గొంతుక్కూర్చునే పద్ధతి బలపడింది. ఇందులో శరీరం మరింత కిందికి దిగుతుంది గనుక బార్‌ను తక్కువ ఎత్తుకు లాగినా చాలు. అయితే చీలమండలు, తుంటి కీళ్లు బాగా వంగాలి. తూకం వెంట్రుకవాసి తప్పినా బార్ ముందుకో వెనక్కో పడిపోతుంది. బార్ తొడలకు తగలకూడదన్న నిబంధనను 1960లలో సడలించడంతో దాన్ని ఒంటికి దగ్గరగా లాగి, తుంటి విసురుతో లేపడం సాధ్యమైంది. ఆధునిక లిఫ్టుకు అసలు పునాది ఇదే.

ప్రెస్ కథ వేరు. కేవలం చేతులతో పైకి నెట్టాల్సిన ఈ లిఫ్టులో పోటీదారులు నడుమును వెనక్కి వంచసాగారు. ఏది సక్రమమో తేల్చడం కష్టమైంది, వెన్నుకూ ముప్పే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. మంచి నిర్ణయమది. బలంతో పాటు వేగానికీ, ఒడుపుకూ విలువ పెరిగింది.

మహిళల తొలి ప్రపంచ పోటీలు 1987లో జరిగాయి. ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కేజీల విభాగంలో ప్రపంచ విజేత. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారి ఒలింపిక్స్‌కెక్కిన 2000 సిడ్నీలో ఆమె 69 కేజీల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. పసిడి, రజతం రెండూ 242.5 కేజీలకే దక్కాయి. చివరి ప్రయత్నంలో ఆమె అడిగిన 137.5 కేజీలు నిలిచి ఉంటే స్వర్ణమే. అప్పట్లో బరువును 2.5 కేజీల చొప్పున పెంచేవారు. 2005 నుంచి ఒక్కో కేజీ పెంచుకునే వీలొచ్చి, పోటీలో లెక్కలు మరింత సూక్ష్మమయ్యాయి.

విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో పతకం గెలిచారు. బాపట్ల ప్రాంతంలోని స్టువర్టుపురం యువకుడు రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కేజీల విభాగంలో 151, 187 కలిపి 338 కేజీలతో స్వర్ణం అందుకున్నారు.

స్నాచ్‌లో, క్లీన్‌లో గొంతుక్కూర్చోవడమే స్థిరపడినా, జెర్క్‌లో ఎక్కువమంది ఇప్పటికీ కాళ్లను ముందుకూ వెనక్కూ చాచే పాత పద్ధతినే నమ్ముకున్నారు. బార్ ముందుకో వెనక్కో ఒరిగినప్పుడు అది ఆసరా ఇస్తుంది. కొందరు చైనా లిఫ్టర్లు మాత్రం అక్కడా పాదాలు సమంగా ఉంచి, మోకాళ్లు వంచి బార్ కిందికి దిగుతున్నారు.