భాష యిచ్చిన ఆజ్ఞను మార్చవచ్చునా?

కొత్తపేట ప్రాంతపు విద్యార్థులకు లొల్ల లాకులు క్రొత్త కావు. ధవళేశ్వరము నుండి వచ్చు నీరు అచ్చట చీలి, అమలాపురము వైపునకును గన్నవరము వైపునకును పోవును. తలుపు గొప్పతన మంతయు నీటిని ముందుగా ఆపుటలోనే యున్నది. నీరు పోయిన పిదప తలుపు దించిన ప్రయోజన మేమి? కంప్యూటరు భాషల చరిత్రలో నొక చిక్కును గ్రహించుటకు ఈ తలుపును జ్ఞాపకముంచుకొనిన చాలును.

పెర్ల్, టి.సి.ఎల్., పైథాన్ మున్నగువానిని స్క్రిప్టు భాషలందురు. వీనిలో కూడుట, ఫైలు తెరచుట వంటి పనులకు ఫంక్షనులు, అనగా ప్రమేయములు, భాషతోపాటే వచ్చును. ‘ఇఫ్’, ‘వైల్’ అనునవి వేరు జాతి పదములు. ఏ వాక్యము నడువవలెనో, ఏది మానవలెనో అవి శాసించును. ఫంక్షనుకు మన సొంత అర్థమిచ్చుట సులభము. ‘ఇఫ్’కు అట్లు కాదు. ఏలయన, ఫంక్షనును పిలిచినప్పుడు దానికిచ్చు విలువలన్నియు సామాన్యముగా ముందే లెక్కింపబడును. “హారము సున్నయైన సున్న నిమ్ము, కానిచో భాగింపుము” అను పనిని మనము వ్రాసిన ‘ఇఫ్’ ఫంక్షనుకు అప్పగించితి మనుకొందము. అది నిర్ణయించులోపలనే భాగహారము జరిగి, దోషముతో ప్రోగ్రాము ఆగిపోవును. నీరు పోయిన పిదప తలుపు దించుట యన్న నిదియే.

దీనికి పరిష్కారము స్క్రిప్టు భాషలకు పూర్వమే దొరికినది. జాన్ మెకార్తీ 1960లో ప్రకటించిన లిస్ప్ భాషకు 1963లో తిమోతి హార్ట్ ‘మాక్రో’లను ప్రతిపాదించెను. మాక్రో తనకిచ్చిన వాక్యమును లెక్కింపక, వ్రాసిన రూపముననే గైకొని వేరొక వాక్యముగా మార్చును. 1988లో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించిన టి.సి.ఎల్. మరింత సాహసించినది. అందు ‘ఇఫ్’ సైతము సామాన్యమైన ఆజ్ఞయే. సమితులను వ్రాయుటకు వాడు ఫ్లవర్ బ్రాకెట్ల వంటివానిలో నుంచిన వాక్యము చెక్కుచెదరక ఆ ఆజ్ఞ చేతికి అందును. ‘రినేమ్’తో పాత ‘ఇఫ్’ పేరు మార్చి, ఆ స్థానమున మన ‘ఇఫ్’ను నిలుపవచ్చును. ఇంతటి స్వేచ్ఛ నాకు కొంత భయమునే కలిగించుచున్నది.

1987లో లారీ వాల్ వెలువరించిన పెర్ల్ మధ్యేమార్గము త్రొక్కినది. అది ‘ఇఫ్’ను ముట్టనీయదు, పెక్కు ఫంక్షనులను మాత్రము మార్చనిచ్చును. ముందు ‘కోర్’ అని చేర్చి పిలిచినచో అసలుదియే పలుకును. ఈ సౌకర్యపు విలువ ‘ఎగ్జిట్’ విషయమున తేటపడినది. ‘ఎగ్జిట్’ అనగా ప్రోగ్రామును ముగింపుమని. 1996లో ‘మోడ్ పెర్ల్’ ద్వారా పెర్ల్‌ను అపాచీ సర్వరు లోపలికే చేర్చిరి. అచ్చట ఒకే ప్రక్రియ అనేక కోరికలను వరుసగా తీర్చును. పాత స్క్రిప్టు ‘ఎగ్జిట్’ అనినచో ఆ ప్రక్రియయే అంతరించును! కావున స్క్రిప్టును మాత్రమే ముగించు మరియొక ‘ఎగ్జిట్’ను ఆ పేరుననే నిలిపిరి. పాత స్క్రిప్టులలో ఆ పదమును వెదకి మార్చు శ్రమ తప్పినది.

ఇట్టి మార్పు తెలియకయు జరుగును. అమలాపురముననో రాజోలుననో పైథాన్ నేర్చు విద్యార్థి మార్కుల మొత్తమునకు ‘సమ్’ అని పేరు పెట్టినచో, భాష యొక్క కూడిక ఫంక్షను మరుగుపడును. తరువాత కూడుమని పిలిచిన, “ఇది సంఖ్య, పిలువదగినది కాదు” అను అర్థము గల దోషము కనబడును. అసలు ఫంక్షను నశింపలేదు. ‘బిల్టిన్స్’ అను భాండాగారమున భద్రముగా నున్నది. ‘డెల్ సమ్’ అని తన పేరును తొలగించినచో అది మరల బయటపడును. ‘ఇఫ్’ అని పేరు పెట్టబోయినచో మాత్రము పైథాన్ ఆ వాక్యమునే అంగీకరింపదు.