లోహ ఆక్సైడ్ నానో పదార్థాలు: గ్యాస్ సెన్సర్ల తయారీ చరిత్ర

తగరం, జింకు, టంగ్‌స్టన్, ఇండియం వంటి కొన్ని లోహాల ఆక్సైడ్లకు ఒక గుణం ఉంది. చుట్టూ ఉన్న గాలిలో కొన్ని రకాల వాయువులు కలిస్తే వాటి విద్యుత్ నిరోధం మారిపోతుంది. వంటగ్యాస్ లీకైతే మోగే అలారం ఈ గుణం మీదే పనిచేస్తుంది. గదిలో గాలి నాణ్యతను కొలిచే చిప్పుల్లో చాలా వాటికీ ఇదే ఆధారం. ఈ రంగంలో ప్రధాన పదార్థం అరవై ఏళ్లకు పైగా దాదాపు ఒకటే, తగరపు ఆక్సైడ్. మారుతూ వచ్చింది దాన్ని తయారుచేసే తీరు. కాబట్టి ఈ చరిత్రలో కొత్త పదార్థాల కన్నా రేణువు పరిమాణానికే ఎక్కువ చోటు దక్కుతుంది.

పనిచేసే విధానం

వేడెక్కిన ఆక్సైడ్ ఉపరితలానికి గాలిలోని ఆక్సిజన్ అంటుకుని, లోపలి ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. దాంతో పైపొరలో కొన్ని నానోమీటర్ల లోతు వరకు ఎలక్ట్రాన్లు కరువై నిరోధం పెరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఆల్కహాల్ ఆవిరి వంటివి వచ్చి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు తిరిగి లోపలికి చేరి నిరోధం పడిపోతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ వంటి ఆక్సీకారక వాయువులు తగిలితే నిరోధం ఇంకా పెరుగుతుంది. రాగి, నికెల్ ఆక్సైడ్ల వంటి పి-రకం అర్ధవాహకాల్లో ఈ మార్పుల దిశ తారుమారవుతుంది. చర్య చురుగ్గా సాగాలంటే సాధారణంగా 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ప్రతి సెన్సర్‌లోనూ ఒక బుల్లి హీటర్ ఉండేది ఇందుకే.

తొలి రోజులు

ట్రాన్సిస్టర్ సృష్టికర్తల్లో ఇద్దరైన బ్రాటన్, బార్డీన్‌లు జెర్మేనియం ఉపరితల గుణాలు చుట్టూ ఉన్న వాయువును బట్టి మారతాయని 1953లో ప్రకటించారు. గ్యాస్‌ను పసిగట్టే పనిముట్టు చేయాలన్నది వారి ఉద్దేశం కాదు. ఆ పని జపాన్‌లో జరిగింది. క్యూషూ విశ్వవిద్యాలయానికి చెందిన టెట్సురో సెయామా బృందం 1962లో జింక్ ఆక్సైడ్ పలుచని పొరతో వాయువులను గుర్తించే సాధనాన్ని వర్ణించింది. అదే ఏడాది నవోయోషి టగుచి తగరపు ఆక్సైడ్ సెన్సర్‌కు పేటెంట్ దరఖాస్తు పెట్టారు. అప్పట్లో జపాన్ ఇళ్లలోకి సిలిండర్ గ్యాస్ కొత్తగా వస్తోంది, లీకుల వల్ల పేలుళ్లూ జరుగుతున్నాయి. ఆ అవసరమే టగుచిని ముందుకు నడిపింది. 1968లో భారీ ఉత్పత్తి మొదలైంది, 1969లో ఫిగారో సంస్థ ఏర్పడింది.

టగుచి బాటలో స్థిరపడిన నమూనాల్లో ఒకటి నేటికీ కనిపిస్తుంది. చిన్న పింగాణీ గొట్టం, దాని లోపల హీటర్ తీగ, పైన తగరపు ఆక్సైడ్ పూత. మన ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో విద్యార్థులు బోర్డుకు తగిలించే ఎంక్యూ-2 సెన్సర్ ఈ వంశానిదే. టగుచి సెన్సర్ ఎందుకు పనిచేస్తుందో శాస్త్రజ్ఞులు పూర్తిగా వివరించకముందే సరుకు అంగట్లోకి వచ్చేసింది. తరవాతి ఇరవై ఏళ్ల పరిశోధనలో సింహభాగం, అమ్ముడవుతున్న వస్తువుకు కారణాలు వెతకడంతోనే గడిచిందంటే అతిశయోక్తి కాదు.

రేణువు లెక్క

ఆ వెతుకులాటలో మేలిమలుపు మళ్లీ క్యూషూ నుంచే వచ్చింది. నొబొరు యమజొయె బృందం 1991లో 5 నుంచి 32 నానోమీటర్ల వరకు వేర్వేరు పరిమాణాల తగరపు ఆక్సైడ్ రేణువులను పోల్చి చూసింది. పరిమాణం సుమారు 6 నానోమీటర్లకు తగ్గేసరికి సెన్సర్ సున్నితత్వం ఒక్కసారిగా పెరిగింది. ఎలక్ట్రాన్లు ఖాళీ అయ్యే పొర మందం దాదాపు 3 నానోమీటర్లు. రేణువు అందుకు రెట్టింపు కన్నా చిన్నదైతే ఇరువైపుల పొరలు కలిసిపోయి, రేణువు మొత్తం వాయువు అదుపులోకి వెళుతుంది. నానో అన్న మాట ఫ్యాషన్ కాకముందే ఈ రంగానికి దాని అసలు అవసరం ఇలా తెలిసింది.

అయితే అంత చిన్న రేణువును చేయడం ఒక పని, నిలపడం మరో పని. టిన్ క్లోరైడ్ ద్రావణంలో అమ్మోనియా పోస్తే తెల్లటి జెల్ దిగుతుంది. దాన్ని పదే పదే కడగాలి, ఎందుకంటే మిగిలిపోయిన క్లోరైడ్ సెన్సర్ గుణాన్ని చెడగొడుతుంది. ఆరబెట్టి కొలిమిలో కాల్చితే ఆక్సైడ్ పొడి వస్తుంది. చిక్కంతా కాల్చడంలోనే. వేడి చాలకపోతే పూత నిలకడగా ఉండదు, ఎక్కువైతే రేణువులు ఒకదాన్నొకటి మింగి బలుస్తాయి. పైగా సెన్సర్ పనిచేసేదీ వేడిలోనే కాబట్టి ఆ ఎదుగుదల వాడకంలోనూ నెమ్మదిగా సాగుతుంది. పరాయి ఆక్సైడ్లను కొద్దిగా కలిపి రేణువుల పెరుగుదలను అడ్డుకోవడం అందుకే ఆనవాయితీ అయింది. పల్లాడియం, ప్లాటినం చేర్చేది మాత్రం చర్యను వేగవంతం చేయడానికి.

మూసి ఉంచిన ఉక్కు పాత్రలో, టెఫ్లాన్ గిన్నెలో, నీటి సమక్షంలో 200 డిగ్రీల లోపు వేడిలో, ఒత్తిడి కింద ఉడికించే హైడ్రోథర్మల్ పద్ధతి ఖరీదైన పరికరాలు అక్కర్లేకుండా కడ్డీలు, పువ్వులు, బోలు గోళాల వంటి ఆకారాలనిస్తుంది. జింక్ నైట్రేట్‌కు హెక్సమీన్ కలిపి 90 డిగ్రీల దగ్గర వేడి చేస్తే జింక్ ఆక్సైడ్ నానో కడ్డీలు బారులు తీరి పెరుగుతాయి. పరిశోధన పత్రాల్లో ఈ ఆకారాల ఫొటోలకు ఉన్న మోజు వాటి ఉపయోగం కన్నా ఎక్కువేమో అనిపిస్తుంది.

తీగలు, పట్టీలు, మంటలు

2001లో అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం ఆక్సైడ్ పొడులను అధిక ఉష్ణోగ్రతలో ఆవిరి చేసి, 30 నుంచి 300 నానోమీటర్ల వెడల్పుతో పొడవాటి పట్టీలు పెంచింది. మరుసటి ఏడాది ఇటలీలోని బ్రెషా పరిశోధకులు వాంగ్ బృందంతో కలిసి వాటితో గ్యాస్ సెన్సర్లు చేశారు. ఒక్కో పట్టీ ఒకే స్ఫటికం, రేణువుల మధ్య అతుకులుండవు. కాబట్టి వేడికి బలిసిపోయే బెడద తక్కువ. కానీ వాటిని లక్షల చిప్పుల మీద ఒకే తీరుగా అమర్చడం కష్టం. ఆ పనికి మంట ఎక్కువ అక్కరకొచ్చింది. లోహ సమ్మేళనం కలిపిన ద్రవాన్ని సన్నని జల్లుగా మండిస్తే నానో రేణువులు పుట్టి, ఎదురుగా ఉన్న పలక మీద గుల్లబారిన పొరగా నేరుగా పేరుకుంటాయి. 2006లో ఈ పద్ధతితో తగరపు ఆక్సైడ్ సెన్సర్ చేసి చూపారు.

ఎంపిక సమస్య

ఈ సెన్సర్ల పాత లోపం, ఏ వాయువు వచ్చిందో స్పష్టంగా చెప్పలేకపోవడం. 1982లో వార్విక్ విశ్వవిద్యాలయంలో పర్సాద్, డాడ్‌లు వేర్వేరు సెన్సర్ల స్పందనలను కలిపి చదివి వాసనలను వేరుచేశారు. ఎలక్ట్రానిక్ ముక్కుకు అది నాంది. పదార్థం ద్వారానే ఎంపిక సాధించిన అరుదైన ఉదాహరణ హైడ్రోజన్ సల్ఫైడ్. తగరపు ఆక్సైడ్‌కు రాగి ఆక్సైడ్ చేరిస్తే రెండింటి సరిహద్దులో నిరోధం బాగా పెరుగుతుంది. ఈ వాయువు తగలగానే రాగి ఆక్సైడ్ కాస్తా మంచి వాహకమైన సల్ఫైడ్‌గా మారి నిరోధం కుప్పకూలుతుంది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఈ జోడీపై పనిచేసింది. తెలంగాణలోని మణుగూరు భారజల కర్మాగారంలో ఇదే విషవాయువు ప్రక్రియలో ప్రధాన భాగం కాబట్టి, దాన్ని కనిపెట్టే సాధనం అక్కడ ప్రాణావసరం.

ఎంపిక ఒక్కటే కాదు, హీటర్‌కయ్యే విద్యుత్తూ ఒక సమస్యే. 1993 ప్రాంతంలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ సిలికాన్ మీద సూక్ష్మ హీటర్లు చేసి, వాటిపైనే తగరపు ఆక్సైడ్ పూయడంతో విద్యుత్ ఖర్చు బాగా తగ్గింది. హీటర్‌ను క్షణాల్లో వేడెక్కించి చల్లార్చడం సాధ్యమైంది. అతినీలలోహిత కాంతి సాయంతో గది ఉష్ణోగ్రతలోనే పనిచేయించే ప్రయత్నాలూ సాగుతున్నాయి. గాలిలోని తేమ మాత్రం ఇప్పటికీ సెన్సర్ అంకెలను తప్పుదోవ పట్టిస్తూనే ఉంది. అందుకే చాలా చిప్పుల్లో పక్కనే తేమను కొలిచే భాగాన్ని కూడా అమరుస్తున్నారు.