ఇంధన మీటరు (మోటారు పడవ)

మోటారు పడవ ట్యాంకులో మిగిలిన ఇంధనాన్ని చూపే సాధనం. శ్రీకాకుళం జిల్లా బారువ, భావనపాడు, కళింగపట్నం, విజయనగరం జిల్లా చింతపల్లి వంటి తీర గ్రామాల నుంచి మోటారు పడవలు వేటకు వెళతాయి. చేత్తో మోసే చిన్న ట్యాంకుల్లో మూతకే బెండు మీటరు ఉంటుంది, దానికి తీగలుండవు. బెండుకున్న కమ్మీ వంగినా, ఇరుక్కున్నా మీటరు తప్పు చూపుతుంది.

పనితీరు: విద్యుత్ మీటరుకు ట్యాంకులో సెండర్ ఉంటుంది. వల బెండులా తేలే ఫ్లోటు లేచి దిగుతుంటే నిరోధం మారుతుంది. అమెరికా పద్ధతిలో ఖాళీకి 240 ఓములు, నిండుకు 33. ఐరోపా పద్ధతిలో 10, 180. ఒక పద్ధతి మీటరుకు మరో పద్ధతి సెండర్ కుదరదు.

పరీక్ష: ముందు మీటరుకు కరెంటు అందుతోందో చూడాలి. అమెరికా రకంలో మీటరు వెనుక సెండర్ తీగ (తరచు గులాబీ రంగు) తీస్తే ముల్లు ఖాళీకి పడాలి; ఆ టెర్మినల్‌ను ఎర్త్‌కు కలిపితే నిండుకు ఎక్కాలి. ఐరోపా రకంలో ఇది తలకిందులు. ముల్లు ఇలా కదిలితే మీటరు మంచిదే. లోపం తీగలోనో, ఎర్త్‌లోనో, సెండర్‌లోనో ఉన్నట్టు. ఫైబర్ పడవలో బాడీ ఎర్త్ కాదు. అందుకే ఎర్త్‌గా పనిచేసే నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ వరకు వెళ్లాలి. ఉప్పుగాలికి దాని కొస పచ్చగా చిలుము పడితే మీటరు తప్పు చూపుతుంది.

జాగ్రత్తలు: పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ రాకూడదు, బ్యాటరీ విప్పాకే సెండర్ ఓములు కొలవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధం ఈ మరమ్మతులకు అనువైన కాలం. అలలకు ముల్లు ఊగుతుంది కనుక బయలుదేరేముందు ట్యాంకులో పుల్ల ముంచి చూడడం మేలు.