బెల్లం రంగు, పెనం అడుగు

సరూర్‌నగర్ రైతుబజారు చుట్టుపక్కల కిరాణా కొట్లలో బెల్లం రెండు రంగుల్లో దొరుకుతుంది. ఒకటి పసుపుపచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఇంకోటి ముదురు గోధుమరంగు. ఒకప్పుడు ఈ రెండోది అడిగితే “గుడుంబాకా ఏంది?” అని నవ్వేవారు. ఇప్పుడు అదే రంగు బెల్లానికి ‘ఆర్గానిక్’ అని చీటీ అంటించి ఎక్కువ ధర చెబుతున్నారు. రంగు మారలేదు, దానికి మనం చెప్పుకునే అర్థం మారింది. ఈ రంగు ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలని నేను చదవడం మొదలుపెట్టాను. చెరకు రకం, నేల, నీరు కొంత కారణం. మిగతాదంతా బెల్లం వండే పెనం దగ్గర, దాన్ని శుభ్రంగా ఉంచే మనిషి చేతిలో తేలుతుంది. బెల్లం చరిత్రలో ఆ మనిషి గురించి రాసినవాళ్ళు తక్కువ.

అనకాపల్లి వైపు గానుగల్లో పని చూస్తే సంగతి అర్థమవుతుంది. చెరకు ఆడించిన రసం వెడల్పాటి ఇనప పెనంలో పోస్తారు. కింద మంటకు ఎండిన చెరకు పిప్పే కట్టెలు. రసం వేడెక్కగానే మట్టి, మైనం, పీచు, మాంసకృత్తులు కలిసి తెట్టుగా పైకి తేలతాయి. బెండ మొక్కల జిగురు కలిపితే ఆ తెట్టు గట్టిగా ముద్దకట్టి తేలిగ్గా వస్తుంది. చెరకు రసానికి సహజంగా కాస్త పులుపుంటుంది. దాన్ని విరవడానికి సున్నపు తేట కొద్దిగా పోస్తారు. తెట్టు ఎప్పటికప్పుడు తీసేయాలి. ఆలస్యమైతే అది మళ్ళీ రసంలో కలిసిపోతుంది, బెల్లం నల్లబడుతుంది. పాకం 118 డిగ్రీల దగ్గరకొచ్చాక దించి, కలియబెట్టి, అచ్చుల్లో పోస్తారు. వంద కిలోల చెరకుకు సుమారు పది కిలోల బెల్లం వస్తుంది. మిగతా నీళ్ళంతా ఆ పెనం మీదే ఆవిరైపోవాలి.

పాకం దించిన క్షణమే పెనానికి అసలు గండం. అడుగున మిగిలిన పల్చటి పొర నిమిషాల్లో మాడుతుంది. అందుకే వెంటనే కొత్త రసమో నీళ్ళో పోస్తారు. మాడిన పొర గీకకుండా తర్వాతి వంట మొదలుపెడితే ఆ మసి, ఆ చేదు దానిలోకి ఎక్కుతాయి. సున్నం పోసిన రసం అడుగున పెంకులాంటి పొర కూడా కడుతుంది. అది పేరుకున్నకొద్దీ వేడి పైకి రాదు, పిప్పి ఎక్కువ కాలుతుంది, పాకం అడుగంటుతుంది. ఇక మూలల్లో మిగిలిన రసం రాత్రికి పులిస్తే, ఆ పులుపు మర్నాటి రసంలోని చక్కెరను విరిచేస్తుంది. అలాంటి బెల్లం గట్టిపడదు, జిగటగా సాగుతుంది. తుప్పు సంగతీ అంతే. ఇనుము రసంలో కలిస్తే రంగు ముదురుతుంది.

ఈ బాధ మనకొక్కరికే లేదు. కెనడాలో, అమెరికా ఈశాన్యంలో మేపుల్ చెట్ల రసం కాచేవాళ్ళదీ ఇదే గోల. అక్కడ సుమారు నలభై లీటర్ల రసం ఇంకితేనే లీటరు పాకం. రసంలోని కాల్షియం, మాలిక్ ఆమ్లంతో కలిసి ఇసకలా పెనం అడుగున పేరుకుంటుంది. వాళ్ళు వెనిగర్ పోసి నానబెట్టి దాన్ని కరిగిస్తారు. మన ఇళ్ళలో ఇత్తడి బిందెలకు చింతపండు పెట్టి తోమడం వెనకా అదే సూత్రం. సున్నపు పొరకు పులుపే విరుగుడు.

వెనక్కి వెళ్తే కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని వరసగా పేర్లు కనబడతాయి. అంటే పలచటి పాకం నుంచి పలుకు చక్కెర దాకా ఒక్క రసానికే ఇన్ని మెట్లు ఉన్నాయన్న మాట. కరీబియన్ దీవుల్లో ఈ పనిని బానిసల చేత చేయించారు. పెద్ద కాగు నుంచి చిన్న కాగుకు వరసగా పేర్చిన పొయ్యిల మీద, కాగే రసాన్ని గరిటెలతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తోడేవారు. ఒళ్ళు కాలడం రోజువారీ సంగతే. న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి మూలాలున్న కుటుంబంలో స్వేచ్ఛగా పుట్టిన ఇంజనీరు నార్బర్ట్ రిల్యూ, ఒక పాత్రలోని ఆవిరితోనే తర్వాతి పాత్రను కాచే పద్ధతి కనిపెట్టి 1843లో పేటెంట్ తీసుకున్నాడు. దాంతో కట్టెలు ఆదా అయ్యాయి, గరిటెతో తోడే పని తప్పింది.

అయితే పొర గీకే పని పోలేదు. అది పెనం మీంచి గొట్టాల లోపలికి మారింది, అంతే. బానిసత్వం రద్దయ్యాక మారిషస్, నేటాల్, ఫిజీ చెరకు తోటలకు మన తెలుగువాళ్ళూ కూలి ఒప్పందాల మీద వెళ్ళారు. మారిషస్‌లో కోరంగి రేవు పేరు మీద వాళ్ళను ‘కొరింగీలు’ అన్నారు. నేటాల్‌కు మొదటి ఓడ ట్రూరో 1860లో మద్రాసు నుంచే వెళ్ళింది. చక్కెర చరిత్రలో యంత్రం పేరు, దాన్ని కనిపెట్టినవాడి పేరు మిగులుతాయి. యంత్రం ఆగినప్పుడు లోపలికి దూరి గీకినవాళ్ళ పేర్లు మిగలవు.

మన దగ్గర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై, 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లోనూ పల్లెల్లో గానుగలు ఆగలేదు. మిల్లుకు చెరకు తోలి డబ్బుల కోసం ఎదురుచూసే కన్నా, సొంతంగా వండుకుంటే చేతికి త్వరగా డబ్బొస్తుందని రైతు లెక్క. కానీ గానుగ దగ్గర కూలి ఖర్చు పెరిగింది. తెట్టు తీయడానికి, పెనం గీకడానికి మనుషులు తగ్గారు. సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చింది హైడ్రోస్. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. గుప్పెడు చల్లితే మురికి రసం కూడా పసుపు తిరుగుతుంది. గంటల పనిని గుప్పెడు పొడి మింగేసింది. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. అయితే ఆ రంగు నిలిచేది కూడా కాదు, నిల్వ ఉంచితే మళ్ళీ నల్లబడుతుంది.

దీనికి గానుగవాణ్ణి ఒక్కణ్ణీ తిట్టి లాభం లేదు. పచ్చగా ఉంటేనే మార్కెట్లో ధర పలుకుతుంది. మేడారం జాతరలో బెల్లాన్ని బంగారం అని పిలిచి నిలువెత్తు తూచి మొక్కు చెల్లించుకునే జనం మనం. బంగారం పచ్చగా ఉండాలని కోరుకోవడంలో తప్పేముంది? పైగా నల్లబెల్లానికి నేరం మచ్చ కూడా పడింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. నాటుసారా మీద దాడులు మాత్రం ఆగలేదు, సారాకు ముడిసరుకని నల్లబెల్లం మూటల మీద నిఘా పెట్టారు. రంగు చూసి అనుమానించే రోజుల్లో, మందు కలపకుండా వండిన రైతుకే ఎక్కువ భయం. మందు కొట్టి పచ్చగా చేసిన బెల్లం దర్జాగా బజారుకొచ్చింది.

ఇప్పుడు ముదురు రంగుకు మళ్ళీ గౌరవం వస్తోంది. సంతోషమే. కానీ ఇందులోనూ ఒక చిక్కుంది. మాడిన పెనంలో వండినా బెల్లం నల్లగానే వస్తుంది. శుభ్రమైన పెనంలో మందు లేకుండా వండితే వచ్చేది లేత తేనెరంగు నుంచి గోధుమరంగు దాకా ఏదైనా కావచ్చు. పచ్చదనాన్ని నమ్మి మోసపోయినవాళ్ళం, నలుపును నమ్మి ఇంకోసారి మోసపోవచ్చు. రంగు బదులు ముక్క నోట్లో వేసుకుని చూడండి. మాడు చేదు తగిలిందా, ఉప్పగా ఉందా, కరిగించిన నీళ్ళ అడుగున మడ్డి ఎంత నిలిచింది? ఇవన్నీ పెనం ఎలా ఉందో చెబుతాయి. ఆ పెనం శుభ్రంగా ఉండాలంటే దాన్ని గీకే మనిషి కూలి కూడా మనమిచ్చే ధరలో ఉండాలి. ఇన్నాళ్ళూ మనం కట్టకుండా తప్పించుకున్నది ఆ లెక్కే.