యాక్సిడెంట్‌లో తప్పు అవతలి డ్రైవర్‌ది.. రెంటల్ కారు బిల్లు మాత్రం మీదా? టెక్సాస్ రూల్ ఏం చెబుతోందంటే..

తప్పు అవతలి డ్రైవర్‌ది. పోలీస్ రిపోర్ట్‌లోనూ అదే ఉంది. మీ కారు బాడీ షాప్‌లో ఉంది. పది రోజుల్లో ఇస్తామన్న రిపేరు నెల దాటింది. ఇంతలో ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఫోన్.. "మీ రెంటల్‌కి శుక్రవారమే లాస్ట్ డే. ఆ తర్వాత బిల్లు మీరే కట్టుకోవాలి".

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు ఇది ఎప్పుడైనా ఎదురుకావచ్చు. అక్కడ కారు లేకపోతే ఆఫీసుకు వెళ్లడం కష్టం, పిల్లల్ని క్లాసులకు దింపడం కష్టం, చివరికి పాలు తేవాలన్నా కష్టమే. రోజుకు 45 డాలర్ల లెక్క వేసుకున్నా ఇంకో 20 రోజులకు 900 డాలర్లు. ఆ ఫోన్ రాగానే చాలామంది కారు తిరిగి ఇచ్చేస్తారు. లేదంటే నోరు మూసుకుని కార్డు గీకేస్తారు. కానీ ఆ "లాస్ట్ డే" పెట్టింది మీ కంపెనీయా, అవతలి వాళ్ల కంపెనీయా? అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

క్లెయిమ్ ఎవరి పాలసీ మీద?

మీ సొంత పాలసీ మీద రెంటల్ తీసుకుంటే అది కాంట్రాక్టు వ్యవహారం. దీన్ని రెంటల్ రీయింబర్స్‌మెంట్ కవరేజ్ అంటారు. ఇది తప్పనిసరి కాదు, అదనంగా కొనుక్కోవాలి. రోజుకు 30 డాలర్లు, మొత్తం 900 డాలర్లు.. ఇలా ఉంటాయి లిమిట్లు. 40, 50 డాలర్ల ప్లాన్లు కూడా దొరుకుతాయి. ఆ లిమిట్ దాటితే మీ జేబు నుంచే. షాప్‌కి పార్టులు రాలేదని చెప్పినా సాధారణంగా గడువు పెరగదు. కారు టోటల్ లాస్ అయితే మరీ ఇబ్బంది. చాలా పాలసీల్లో, కంపెనీ సెటిల్‌మెంట్ ఆఫర్ ఇచ్చిన కొద్ది రోజులకే రెంటల్ ఆగిపోతుంది. ఆఫర్ మీకు నచ్చిందా లేదా అన్నది వాళ్లు చూడరు.

అవతలి డ్రైవర్ లయబిలిటీ ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్ చేస్తే కథ వేరు. ఆ కంపెనీతో మీకు ఏ కాంట్రాక్టూ లేదు. కాబట్టి "మా దగ్గర రోజుకు 30 డాలర్లే", "30 రోజులే ఇస్తాం" అన్న వాళ్ల లోపలి లెక్కలు మీకు వర్తించవు. వాళ్ల కస్టమర్ మీకు చేసిన నష్టాన్ని వాళ్లు కడుతున్నారు, అంతే. కారు వాడుకోలేకపోవడం కూడా చట్టం దృష్టిలో నష్టమే. దానికి పేరు 'లాస్ ఆఫ్ యూజ్'. రిపేరుకు న్యాయంగా ఎన్ని రోజులు పడితే అన్ని రోజులకు, మీ కారులాంటి కారుకు న్యాయమైన అద్దె అడగొచ్చు. ఏడు సీట్ల బండి పోగొట్టుకున్న కుటుంబాన్ని చిన్న సెడాన్‌తో సరిపెట్టుకోమంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఇండియా నుంచి కొత్తగా వెళ్లినవాళ్లు ఇక్కడే తడబడతారు. మన దగ్గర గుద్దింది ఎవరైనా సరే, డ్యామేజీకి సొంత పాలసీ మీద క్లెయిమ్ చేయడమే అలవాటు. అవతలివాళ్ల నుంచి రాబట్టాలంటే మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్ మెట్లెక్కాలి. అందుకే అమెరికాలో అవతలి కంపెనీ వాళ్లు ఫోన్ చేసి ఏదో ఇస్తామనగానే, ఇచ్చిందే మహాభాగ్యం అనుకుంటారు!

కారు టోటల్ లాస్ అయితే?

టెక్సాస్‌లో పెద్ద గొడవ నడిచింది దీని మీదే. రిపేరయ్యే కారుకైతే లాస్ ఆఫ్ యూజ్ ఇస్తాం, పూర్తిగా పోయిన కారుకు దాని విలువ ఇస్తున్నాం కదా, మళ్లీ అద్దె ఎందుకు.. ఇదీ కంపెనీల వాదన. జె అండ్ డి టోయింగ్ అనే చిన్న సంస్థకు ఉన్నది ఒక్కటే టో ట్రక్కు. యాక్సిడెంట్‌లో అది టోటల్ లాస్ అయింది. కొత్తది కొనేదాకా వ్యాపారం ఆగిపోయింది. జ్యూరీ 28,000 డాలర్ల లాస్ ఆఫ్ యూజ్ లెక్కగట్టింది. అప్పీల్ కోర్టు కాదంది. 2016 జనవరిలో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ సంస్థ వైపే నిలిచింది. టోటల్ లాస్‌లోనూ లాస్ ఆఫ్ యూజ్ అడగొచ్చని తేల్చింది. అయితే ఒక కండిషన్ పెట్టింది. ఇంకో బండి కొనుక్కోవడానికి న్యాయంగా పట్టే కాలానికి మించి అడగకూడదు. అంటే రెండు నెలలు షోరూమ్‌ల చుట్టూ తీరిగ్గా తిరుగుతానంటే కుదరదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. రెంటల్ తీసుకోకపోయినా ఈ డబ్బు అడగొచ్చు. ఫ్రెండ్ కారులో ఆఫీసుకు వెళ్లారు, లేదా భార్యాభర్తలు ఒకే కారుతో సర్దుకున్నారు అనుకుందాం. అయినా అన్ని రోజుల న్యాయమైన అద్దె విలువ క్లెయిమ్ చేయొచ్చని టెక్సాస్ సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. అడిగితేనే ఇస్తారు. అడగకపోతే గుర్తు చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

25,000 డాలర్ల గోడ

ఇంతా చేసి ఒక పరిమితి ఉంది. టెక్సాస్‌లో ఆస్తి నష్టానికి కనీస లయబిలిటీ లిమిట్ 25,000 డాలర్లు. రిపేరు, రెంటల్ రెండూ అందులోంచే రావాలి. రిపేరుకే 24,000 అయితే రెంటల్‌కు మిగిలేది వెయ్యే. అదే యాక్సిడెంట్‌లో ఇంకో కారు కూడా దెబ్బతింటే అదీ ఉండదు. అప్పుడు ఆదుకునేది మీ సొంత పాలసీలోని అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్. ఆస్తి నష్టానికి దీని డిడక్టబుల్ 250 డాలర్లు. ఆ టో ట్రక్కు సంస్థ గెలిచింది కూడా సొంత కంపెనీ మీద ఈ కవరేజ్ కిందే. టెక్సాస్‌లో ప్రతి కంపెనీ దీన్ని ఆఫర్ చేయాలి. వద్దంటే మీరు రాతపూర్వకంగా చెప్పాలి. నెలకు నాలుగు డాలర్లు మిగులుతాయని ఆన్‌లైన్‌లో 'వద్దు' నొక్కేసినవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

తప్పులో మీ వాటా ఉన్నా డబ్బు తగ్గుతుంది. మీది 20 శాతం అని తేలితే రెంటల్‌లోనూ 20 శాతం కోత పడుతుంది. 50 శాతం దాటిందా.. అసలు ఏమీ రాదు.

ఆలస్యం చేస్తుంటే ఏం చేయాలి?

"ఇంకా ఎంక్వైరీ నడుస్తోంది, తప్పు ఎవరిదో తేలాక రెంటల్ చూద్దాం".. అవతలి కంపెనీ నుంచి ఎక్కువగా వినిపించే మాట ఇది. మీ సొంత కంపెనీకైతే టెక్సాస్ చట్టం గడువులు పెట్టింది. క్లెయిమ్ అందిన 15 రోజుల్లో స్పందించాలి. కాగితాలన్నీ అందాక 15 పనిదినాల్లో అవునో కాదో చెప్పాలి. అవతలి కంపెనీకి ఈ గడువులు వర్తించవు. అందుకే మీకు కొలిజన్, రెంటల్ కవరేజ్ ఉంటే ముందు సొంత పాలసీ మీద మొదలుపెట్టడమే మేలు. డిడక్టబుల్ కట్టినా, మీ కంపెనీ అవతలివాళ్ల నుంచి వసూలు చేసినప్పుడు అది తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. మీ లిమిట్ దాటి కట్టిన రెంటల్‌ను అవతలి కంపెనీని అడగొచ్చు.

ఫోన్‌లో ఎంత గట్టిగా మాట్లాడినా రికార్డు మీ చేతిలో ఉండదు. రెంటల్ ఆపేస్తామంటే, ఏ ఆధారంతో ఆపుతున్నారో ఈమెయిల్‌లో రాయమనండి. పార్టులు ఆలస్యమని షాప్ చెబితే అది కూడా రాతలో తీసుకోండి. ఆలస్యం మీ వల్ల కాదని చూపించాల్సింది మీరే. కారును షాప్‌కి తీసుకెళ్లడానికే రెండు వారాలు నాన్చితే ఆ రెండు వారాలూ మీ ఖాతాలోకే.

రెంటల్ కౌంటర్‌లో అమ్మే డ్యామేజ్ వేవర్‌కు, పెట్రోల్‌కు ఇన్సూరెన్స్ కంపెనీలు సాధారణంగా డబ్బివ్వవు. మీ కొలిజన్ కవరేజ్ చాలావరకు రెంటల్ కారుకూ వర్తిస్తుంది కాబట్టి వేవర్ అవసరం పడకపోవచ్చు. కానీ మీది లయబిలిటీ మాత్రమే ఉన్న పాలసీ అయితే జాగ్రత్త. ఆ రెంటల్‌కు గీత పడినా బిల్లు మీకే వస్తుంది.

మాట వినకపోతే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కు ఉచితంగా కంప్లయింట్ ఇవ్వొచ్చు. హెల్ప్‌లైన్ 800-252-3439. తప్పు ఎవరిదన్నది వాళ్లు తేల్చరు, కానీ కంపెనీ నుంచి రాతపూర్వక జవాబు రాబడతారు. చివరి దారి జస్టిస్ కోర్టు. 20,000 డాలర్ల వరకు లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. కేసు వేయాల్సింది మాత్రం ఆ కంపెనీ మీద కాదు, గుద్దిన డ్రైవర్ మీద. ఆస్తి నష్టానికి గడువు రెండేళ్లు. ఈలోగా చెక్కుతో పాటు ఏదైనా రిలీజ్ పేపర్ పంపితే, అందులో రెంటల్ డబ్బు కూడా కలిసిందో లేదో చూడకుండా సంతకం పెట్టొద్దు.

ఇవన్నీ టెక్సాస్ లెక్కలు. రాష్ట్రం మారితే లిమిట్లు, రూల్స్ మారతాయి. ఉదాహరణకు కాలిఫోర్నియాలో ఆస్తి నష్టానికి కనీస లిమిట్ 2025 జనవరి 1 దాకా 5,000 డాలర్లే, ఇప్పుడు 15,000. మీ పాలసీలో రెంటల్ కవరేజ్ ఉందో లేదో డిక్లరేషన్స్ పేజీలో ఒక లైన్‌లో కనిపిస్తుంది. యాక్సిడెంట్ అయ్యాక దాన్ని చేర్చుకున్నా, ఆ యాక్సిడెంట్‌కు పనికిరాదు.