ఆటు వేళ వేట: టోక్యో అఖాతంలో గుల్లల సేకరణ

వసంతకాలంలో సముద్రం వెనక్కి తగ్గి ఇసుక, బురద మేటలు బయటపడే ఆటు వేళ, టోక్యో అఖాతం ఒడ్డున నగరవాసులు కుటుంబాలతో దిగి గుల్లలు తవ్వుకునే ఆచారాన్ని జపానీయులు షియోహిగారి అంటారు. ఇది జాలరుల వృత్తికి భిన్నమైనది. సముద్రపు పని ఎన్నడూ ఎరుగని దుకాణదారులు, గుమాస్తాలు, వారి పిల్లలు ఒక్క పూట చేసే వేట ఇది. పంచాంగం, చంద్రుడు, నగరాన్ని ఆనుకొని ఉన్న లోతులేని సముద్రం ఒకచోట కలిసివచ్చినందువల్లనే ఏ నేర్పూ లేనివారికి అది సాధ్యపడింది. ఆ మూడింటి పొత్తు ఎలా చెదిరిందన్నదే ఈ ఆచారపు చరిత్రలో ముఖ్యమైన భాగం.

ఆ తీరంలో గుల్లలు తినడం నగరం పుట్టుకకు వేల ఏళ్ల ముందునాటిది. 1877లో అమెరికన్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్స్, అప్పటికి ఐదేళ్ల క్రితమే మొదలైన యొకోహామా రైలులో వెళుతూ, ఒమోరి దగ్గర కట్ట కోతలో తెల్లని గుల్లల పొరను గుర్తించి తవ్వించాడు. అది జోమోన్ యుగంలో, అంటే తాడు ముద్రలున్న మట్టికుండలు వాడిన ప్రాచీన కాలంలో, మనుషులు తిని పారవేసిన గుల్లల దిబ్బ. అయితే ఆకలి తీర్చిన ఆ పని వేడుకగా మారడం మాత్రం, నేటి టోక్యో నగరం ఎదో అనే పేరుతో తొకుగావా షోగున్ల పాలనలో (1603–1868) విస్తరించిన తరువాతి పరిణామం.

ఆ వేడుకకు చాంద్రమానంలో మూడవ నెల మూడవ రోజు ముఖ్యమైనది. చాలా సంవత్సరాలలో అది తెలుగువారి చైత్ర శుద్ధ తదియకు ఒక రోజు అటూఇటూగా వస్తుంది. అమావాస్యకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్కటై ఆటుపోట్ల తేడాను పెంచుతుంది గాని, దాని పూర్తి ప్రభావం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనబడుతుంది. పైగా ఆ తీరంలో చలికాలమంతా రాత్రిపూట వచ్చే లోతైన ఆటు, వసంతం నుంచి పగటికి మారుతుంది. ఆ తిథి చైనా నుంచి వచ్చిన పండుగదే అయినా, ఎదో తీరానికి కొలిచి పెట్టినట్టు కుదిరింది. సైతో గెష్షిన్ 1838లో వెలువరించిన 'తోతో సైజికి' అనే నగర ఉత్సవాల గ్రంథాన్ని బట్టి చూస్తే, జనం పొద్దున్నే షిబౌరా, తకనావా, షినగావా తీరాల నుంచి పడవల్లో బయలుదేరి, మధ్యాహ్నానికి సముద్రపు అడుగు నేలగా తేలగానే దిగి గుల్లలు ఏరుకొని, అక్కడికక్కడే విందు చేసుకొనేవారు. అంతకు ముందే, 1789 ప్రాంతంలో, చిత్రకారుడు ఉతమారో గుల్లల రంగుల బొమ్మలతో 'షియోహి నో త్సుతో' అనే పుస్తకాన్ని వెలువరించాడు. అందులోని గుల్లల మెరుపును అచ్చులో చూపడానికి అభ్రకపు పొడి వాడడం, ఈ సరదాను ఆ నగరం ఎంత ఆదరంగా చూసిందో తెలుపుతుంది. ఆ మూడవ నెల మూడవ రోజే ఆడపిల్లల పండుగ కూడా. ఒక గుల్ల రెండు చిప్పలూ ఒకదానికొకటి తప్ప వేరే చిప్పకు అమరవు కనుక, హమగురి అనే పెద్ద గుల్లతో చేసిన చారును దాంపత్యానికి గుర్తుగా ఆనాడు వడ్డిస్తారు.

1873లో జపాను ప్రభుత్వం సౌరమాన క్యాలెండరును స్వీకరించడంతో ఆ పండుగ సాధారణంగా మార్చి 3కు మారి, చంద్రునితోనూ ఆటుతోనూ దానికి సంబంధం తెగిపోయింది. గుల్లల వేట మాత్రం పండుగను వదిలి ఆటు వెంటే నిలిచి, వసంతంలో అనువైన ఆటులున్న రోజులకు విస్తరించింది. తేదీ పోయినా తట్టుకున్న ఆచారానికి నేల పోవడమే అసలైన దెబ్బ. రేవులకూ కర్మాగారాలకూ సముద్రాన్ని పూడ్చడం ఇరవయ్యవ శతాబ్దంలో, ముఖ్యంగా యుద్ధానంతర దశాబ్దాలలో, ఎంత ముమ్మరమైందంటే అఖాతంలోని ఆటు మేటలలో అత్యధిక భాగం మాయమైంది. ఉరయాసు అనే జాలరుల ఊరి కథ ఇందులో బాధాకరమైనది: 1958లో ఎగువనున్న కాగితపు కర్మాగారం వదిలిన నల్లని నీటికి గుల్లలు, చేపలు చనిపోగా, జాలరులు కర్మాగారంలోకి చొరబడి పోలీసులతో తలపడ్డారు, ఆ ఘర్షణ ఫలితంగా అదే ఏడాది నీటి కాలుష్యంపై దేశంలో తొలి చట్టాలు వచ్చినా, ఆ ఊరి జాలరులు 1971 నాటికి తమ వేట హక్కులన్నిటినీ వదులుకోవలసి వచ్చింది. వారు గుల్లలు తవ్విన చోట పూడ్చిన నేల మీదనే 1983లో టోక్యో డిస్నీల్యాండ్ వెలసింది. చట్టం ఆలస్యంగా వచ్చిందనడం కన్నా, కాపాడవలసిన మేటను వదిలి నీటినే చూసిందనడం న్యాయం.

మిగిలిన కిసరజు, ఫునబాషి వంటి చోట్ల నేడు ఈ వేట చాలావరకు రుసుముతో సాగుతుంది. గుల్లలపై హక్కు జాలరుల సహకార సంఘాలది కనుక, సందర్శకులు రుసుము చెల్లించి, ఇనుప పళ్లున్న కుమాదే అనే చేతి పనిముట్టుతో తవ్వి, నిర్ణీత బరువు వరకు అసారి అనే చిన్న గుల్లలను తీసుకుపోతారు; వాటిని సముద్రమంత ఉప్పదనమున్న నీటిలో చీకటిలో కొన్ని గంటలు ఉంచితే లోపలి ఇసుకను కక్కుతాయి. దేశంలో 1980ల ఆరంభంలో ఏటా లక్షన్నర టన్నులకు చేరిన అసారి దిగుబడి ఇటీవల పది వేల టన్నులకు దిగువకు పడిపోయింది. 2007లో కిసరజు మేటల మీద గుల్లల లోపల చేరి వాటిని పీల్చి చంపే సముద్రపు సాలీడు బయటపడి, ఉన్న కాస్త సంతతినీ దెబ్బతీసింది. అందువల్ల అనేక తీరాలలో వేరే చోట కొన్న గుల్లలను ముందుగానే ఇసుకలో చల్లి ఉంచుతున్నారు. సందర్శకుల రుసుములో కొంత ఆ ఖర్చుకే పోతుంది.