చెట్టుబాతుకు చెక్కపెట్టె

ఉత్తర అమెరికాలోని ‘వుడ్ డక్’ అను చెట్టుబాతు అంతరించిపోవునేమో యని ఇరువదవ శతాబ్దారంభమున పక్షిశాస్త్రజ్ఞులు పలువురు భయపడిరి. ఈ బాతు చెట్టు తొర్రలోనే గుడ్లు పెట్టును. (మన చెరువులలోని ఈలబాతులకును ఈ అలవాటు కొంత కలదు.) కాని తొర్రను తాను తొలుచుకొనలేదు. కొమ్మ విరిగినచోట పుచ్చి యేర్పడినదో, పెద్ద వడ్రంగిపిట్ట విడిచినదో దానికి కావలెను. అట్టి ముసలి వృక్షములను జనులు నరికివేసిరి, చిత్తడినేలలను ఎండగట్టిరి, మాంసమునకును, ఈకలకును బాతులను విచ్చలవిడిగా వేటాడిరి.

1918లో వలసపక్షుల సంరక్షణ చట్టము వచ్చి, చెట్టుబాతుల వేట నిషిద్ధమయ్యెను. 1941లో గాని పరిమితముగ తిరిగి అనుమతింపలేదు. అయితే తుపాకి ఆగినంత మాత్రమున తొర్రలు పుట్టవు గదా! 1937లో ఇల్లినాయ్ రాష్ట్రమందలి షటాక్వా పక్షిశరణాలయమున చెక్కపెట్టెలను అమర్చిరి. ఆర్థర్ హాకిన్స్, ఫ్రాంక్ బెల్‌రోజ్ అనువారు ఆ రాష్ట్రముననే ఇట్టి పెట్టెలను పెట్టి, వానిలో జరుగునదంతయు పరిశీలించిరి.

పెట్టె ఎట్లుండవలెనో నిజమునకు బాతే నేర్పినది. అది గడ్డిపరకనైనను తెచ్చుకొనదు. తన రొమ్ముమీది నూగును పెరికి గుడ్లపై కప్పును. కనుక పెట్టె అడుగున చిత్రికపొట్టు పోయవలసి వచ్చెను. రకూన్ అను జంతువు గుడ్లను తినిపోవుచుండెను. అందుచే ద్వారమును 4 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల ఎత్తుగల కోలగుండ్రముగ కోసిరి. బాతు దూరును, ఎదిగిన రకూన్ దూరుట కష్టము. లోపలి గోడకు తీగవల కొట్టుటకు కారణము పిల్లలు. సుమారు నెలదినములు పొదిగిన పిదప వెలువడిన పిల్లలకు తల్లి మేత తెచ్చిపెట్టదు. మరునాటి ఉదయము క్రిందికి దిగి పిలుచును. రెక్కలు రాని ఆ పదిపన్నెండు పసికూనలు వాడి గోళ్ళతో ద్వారమువరకు ఎగబ్రాకి, ఒకదానివెంట నొకటి క్రిందికి దూకును! ఒడలు మిక్కిలి తేలిక యగుటచే సాధారణముగ దెబ్బ తగులదు. వెంటనే తల్లివెంట నీటికి నడచును.

క్రమముగా ఈ పెట్టెలు ఇండ్ల పెరటి కుంటల ఒడ్డునకును వచ్చెను. బాతులను చూచు ముచ్చటకొలది జనులు వానిని బయలున, కంటికి కనబడునట్లు, దగ్గరదగ్గరగా పెట్టిరి. ఇదియే చిక్కు తెచ్చినది. ఒక పెంటిబాతు వేరొకదానిని వెంబడించి, దాని పెట్టెలోనే తానును గుడ్లు పెట్టును. ఒక్కొక్క పెట్టెలో ముప్పదికి మించి గుడ్లు చేరుటయు కలదు. అన్నిటిని ఒక తల్లి పొదుగజాలదు. కొన్నిచోట్ల పెట్టెనే విడిచిపోవును. బ్రాడ్ సెమెల్, పాల్ షెర్మన్ అనువారు 1980ల నాటి పరిశోధనలలో, చెట్లమాటున దూరదూరముగ పెట్టిన పెట్టెలలో ఈ బెడద తక్కువగ నుండుట చూపిరి. అడవిలో తొర్రలు సహజముగ నుండునది అట్లే.